పౌరుషగ్రంథి – పోషక మాత్రలు

మా మేనమామగారిది దివిసీమ. అరవై ఏళ్ళు దాటేదాకా ఆయన రాత్రివేళ ఒంటరిగా పొలానికి పోయి చేలకు నీరు పెట్టి వచ్చిన మనిషి. ఆ తరువాత క్రమంగా ఆయన అలవాట్లు మారాయి. రాత్రి నాలుగుసార్లు లేచేవారు. బస్సులో విజయవాడ రావలసివస్తే పొద్దుటినుంచి మంచినీళ్ళు ముట్టేవారు కాదు. పెళ్ళికి పోయినా మొదట పెరటిదారి ఎటో చూసుకొనిగాని కూర్చునేవారు కాదు. "ఏమిటి మామయ్యా ఇది?" అని అడిగితే, "పెద్దతనంరా అబ్బాయీ, అందరికీ ఉండేదే" అనేవారు.

ఎవరో చెప్పగా కొన్నాళ్ళు పల్లేరు కషాయం తాగారు. తరువాత పట్నంనుంచి ఖరీదైన పోషక మాత్రలు తెప్పించుకున్నారు. రెండేళ్ళు విడవకుండా వాడారు. ఒక సంక్రాంతినాటి రాత్రి మూత్రం పూర్తిగా ఆగిపోయింది. కడుపు ఉబ్బి, బాధతో మెలికలు తిరుగుతుంటే విజయవాడ తీసుకువచ్చాము. ఆసుపత్రిలో రబ్బరు గొట్టం వేస్తే లీటరుకు పైగా వచ్చింది. ప్రాణాపాయం తప్పింది, కాని మూత్రపిండాల శక్తి అప్పటికే కొంత తగ్గిపోయిందని రక్తపరీక్షలో తేలింది.

"ఆ మాత్రలే ఇంత చేశాయా?" అని ఇంటిల్లిపాదీ అడిగారు. మాత్రలలో విషమేమీ కనబడలేదు. అవి చేసిన నష్టం వేరు. వైద్యం జరగవలసిన రెండేళ్ళను అవి తినివేశాయి. ఇట్టి మాత్రలు నేడు మందుల షాపులలోనే కాక ఇంటి గుమ్మంలోకి కూడా వచ్చి అమ్ముడవుతున్నాయి. కాబట్టి అసలు ఈ గ్రంథి ఏమిటో, అది ఎందుకు పెరుగుతుందో, ఆ మాత్రలవల్ల ఏమి అవుతుందో, ఏమి కాదో తెలుసుకోవడం అవసరం.

తూము వంటి గ్రంథి

మూత్రపిండాలలో తయారైన మూత్రం సన్నని గొట్టాల గుండా దిగి మూత్రాశయంలో నిలువ ఉంటుంది. మూత్రాశయం కండరంతో చేసిన సంచి; మామూలుగా 400 నుంచి 500 మిల్లీలీటర్లు పడుతుంది. ఈ సంచికి సరిగ్గా కింద, బయటకు పోయే దారి చుట్టూ అల్లుకొని ఉండేదే ప్రోస్టేట్ గ్రంథి. తెలుగులో దీనిని పౌరుషగ్రంథి అంటున్నారు. ఇది పురుషులకే ఉంటుంది. యువకులలో సుమారు 20 గ్రాముల తూకం. పెద్ద ఉసిరికాయంత ఉంటుందనుకోవచ్చు. వీర్యంలోని ద్రవంలో కొంత భాగాన్ని తయారుచేయడం దీని పని. మూత్రంతో దీనికి ప్రత్యక్షంగా పనేమీ లేదు. దారిలో ఉండడమే చిక్కు.

విజయవాడ దగ్గర బయలుదేరే బందరు కాలువనో, ఏలూరు కాలువనో చూసిన వారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. తూములో గుర్రపుడెక్క చేరితే దిగువ పొలానికి నీరు సన్నగిల్లుతుంది. అంతటితో పోదు, ఎగువన నీరు ఎత్తి కట్టను ఒరుసుకుంటుంది. గ్రంథి పెరిగి దారిని నొక్కినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే.

దారి కొద్దిగా ఇరుకైతే ప్రవాహం అంతగా ఎందుకు తగ్గుతుంది? ఫ్రెంచి వైద్యుడు పాయిజూలీ 1840 ప్రాంతంలో సన్నని గొట్టాలలో ద్రవాల నడకను కొలిచి ఒక సూత్రం చెప్పాడు. పీడనం మారకుండా ఉంటే, ప్రవాహం గొట్టపు వ్యాసార్థం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. అనగా వ్యాసార్థం సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారో వంతు అవుతుంది. మూత్రమార్గం గాజుగొట్టం కాదు, సాగే గొట్టం. కనుక ఈ లెక్క దానికి అక్షరాలా వర్తించదు. అయినా కొద్దిపాటి ఇరుకు పెద్ద కష్టం తెస్తుందని, కొద్దిపాటి వదులు గొప్ప సుఖమిస్తుందని దీనివల్ల గ్రహించవచ్చు.

మూత్రాశయం మొదట్లో ఈ అడ్డును ఓడించడానికి ప్రయత్నిస్తుంది. దాని కండరం మందమవుతుంది. మందమైన కండరం ఊరికే చిరాకు పడుతుంది; కొద్దిగా నిండగానే పొమ్మంటుంది. అందువల్లనే మాటిమాటికీ వెళ్ళవలసిరావడం, ఆపుకోలేకపోవడం. కొంతకాలానికి కండరం అలసి సాగిపోతుంది. అప్పుడు ఎంతసేపు నిలబడినా పూర్తిగా ఖాళీ కాదు. మిగిలిపోయిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, రాళ్ళు కడతాయి. చివరకు పీడనం మూత్రపిండాల దాకా ఎదురు తన్నుతుంది. ఈ ఆఖరి దశ కొన్నిసార్లు నొప్పిలేకుండానే వస్తుందన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

గ్రంథి ఎందుకు పెరుగుతుంది?

అరవై ఏళ్ళ వారిలో సుమారు సగం మందికి, ఎనభై అయిదు దాటినవారిలో నూటికి తొంభై మందికి సూక్ష్మదర్శినిలో ఈ పెరుగుదల కనిపిస్తుంది. అందరికీ బాధ ఉండదు. ఇది క్యాన్సరు కాదు, క్యాన్సరుగా మారేదీ కాదు. మామూలు పెరుగుదల గ్రంథి లోపలి భాగంలో, దారిని ఆనుకొని మొదలవుతుంది. క్యాన్సరు ఎక్కువగా వెలుపలి భాగంలో పుడుతుంది. కనుకనే తొలిదశలో అది దారిని అడ్డగించక, ఏ సూచనా ఇవ్వక దాగి ఉండవచ్చు.

ఈ పెరుగుదలకు మూలం పురుష హార్మోను. వృషణాలలో పుట్టే టెస్టోస్టిరోనును గ్రంథిలోని ఒక ఎంజైము మరింత తీవ్రమైన డైహైడ్రోటెస్టోస్టిరోనుగా మారుస్తుంది. గ్రంథిని పెంచేది ఈ రెండోదే. ఈ రహస్యం బయటపడిన తీరు విచిత్రమైనది. కరీబియన్ సముద్రంలోని డొమినికన్ రిపబ్లిక్ దేశంలో, సాలినాస్ అనే పల్లెలో కొందరు మగపిల్లలు పుట్టుకతో ఆడపిల్లలవలె కనిపించేవారు. యుక్తవయస్సులో పురుషలక్షణాలు పొందేవారు. డాక్టర్ జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం 1974లో వీరిని గురించి ప్రకటించింది. వీరిలో ఆ ఎంజైము పనిచేయదు. పెద్దవారైన తరువాత కూడా వీరి పౌరుషగ్రంథి చిన్నదిగానే ఉండిపోతుంది. ఆ ఎంజైమును మందుతో అడ్డుకుంటే గ్రంథి పెరుగుదల కూడా ఆగాలి కదా! ఈ ఆలోచననుంచి వచ్చినదే ఫినాస్టరైడ్ అనే మందు. 1992లో అమెరికాలో దానికి అనుమతి లభించింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. గ్రంథి పెరగడం ఏదో పోషకం తక్కువై వచ్చిన జబ్బు కాదు. హార్మోను, వయస్సు కలిసి చేసే పని. ఈ ఒక్క వాక్యం గట్టిగా పట్టుకుంటే పోషక మాత్రల కథ చాలావరకు దానంతట అదే తేటపడుతుంది.

తాటిచెట్టుకు చుట్టమైన మొక్క

ఈ మాత్రల సీసాలపై ఎక్కువగా కనిపించే పేరు సా పామెట్టో. ఇది అమెరికా ఆగ్నేయ తీరంలో, ముఖ్యంగా ఫ్లారిడాలో పొదలుగా పెరిగే మొక్క. మన తాటికి, ఈతకు చుట్టం. ఆకుతొడిమెకు రంపపు పళ్ళవంటి ముళ్ళుంటాయి. దాని నల్లని పండ్లను అక్కడి ఆదివాసులు ఆహారంగా తినేవారు. ఆ పండ్లనుంచి తీసిన కొవ్వుసారమే మాత్రలలో పోస్తారు. పైన చెప్పిన ఎంజైమును ఇది కూడా అడ్డుకుంటుందని ప్రయోగశాలలో కొన్ని సూచనలు కనబడడంతో దీనికి గొప్ప పేరు వచ్చింది.

గాజునాళికలో జరిగినది మనిషిలో జరుగుతుందా? దీనిని తేల్చే పద్ధతి ఒకటే. ఒకే రకం బాధ ఉన్నవారిని చీట్లు వేసినట్టుగా రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు అసలు మాత్ర, రెండో జట్టుకు చూడడానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇవ్వాలి. ఎవరికి ఏది ఇచ్చారో ఇటు రోగికీ అటు వైద్యునికీ తెలియకూడదు. 2006లో అమెరికాలో 225 మందిమీద ఏడాదిపాటు ఇట్టి పరీక్ష చేశారు. రెండు జట్లకూ తేడా కనబడలేదు. "మోతాదు చాలలేదేమో" అన్నారు కొందరు. అయితే చూతమని మరొక పరీక్షలో 369 మందికి 72 వారాలపాటు మోతాదును మెల్లగా మూడింతలు చేసి ఇచ్చారు. ఫలితం 2011లో వెలువడింది. బాధను 35 మార్కులకు కొలిచే పట్టిక ప్రకారం అసలు మాత్ర వేసుకున్నవారికి 2.2 మార్కుల బాధ తగ్గింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికి 2.99 తగ్గింది!

ఏ మందూ లేని మాత్రకు కూడా బాధ తగ్గడం చూశారు కదా! దీనిలో మోసమేమీ లేదు. ఈ వ్యాధి లక్షణమే అంత. కొన్ని నెలలు ఎక్కువగా, కొన్ని నెలలు తక్కువగా ఉంటుంది. బాగా బాధగా ఉన్నప్పుడే మాత్ర కొంటాము. ఆ తరువాత సహజంగా తగ్గితే ఆ కీర్తి మాత్రకు కడతాము. "మా బావగారికి గుణమిచ్చింది" అనే మాటలో అబద్ధం లేకపోయినా అది ఋజువు కాకపోవడానికి కారణం ఇదే.

న్యాయానికి మరో పక్క కూడా చెప్పాలి. బీటా సైటోస్టిరాల్ అనే వృక్షసంబంధమైన పదార్థాన్ని జర్మనీలో 200 మందికి ఆరు నెలలు ఇచ్చి చూసి, 1995లో ఫలితం ప్రకటించారు. బాధ కొంత తగ్గింది, ధార కొంత మెరుగైంది. గ్రంథి పరిమాణం మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు. నువ్వులు, వేరుశనగ, గుమ్మడిగింజలలో ఈ పదార్థం సహజంగానే ఉంది. ఇవి తినడం మంచిదే. కాని తినే పదార్థం వేరు, వైద్యం వేరు.

లోపం ఉన్నచోట అమృతం

పోషక పదార్థాల మాత్రలన్నీ వ్యర్థమని ఎవరైనా అంటే తెలుగువారు ఒప్పుకోనవసరం లేదు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయించారు. ఆయన సోదరుని పొట్టన పెట్టుకున్న స్ప్రూ అనే వ్యాధికి అదే మందయింది. ఆ విటమిను లోపంవల్ల రక్తహీనులైనవారు దానితో కొద్దివారాలలో కోలుకున్నారు.

అదే పదార్థపు రకాలను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకు ఇచ్చినప్పుడు వ్యాధి మరింత పెచ్చరిల్లినట్టు కనిపించింది. దానితో ఆయన దారి మార్చి, ఫోలిక్ ఆమ్లానికి విరోధమైన అమినాప్టరిన్‌ను ఇచ్చి చూశాడు. దానిని తయారుచేసి ఇచ్చినది కూడా సుబ్బారావుగారి బృందమే. వ్యాధి కొంతకాలంపాటు వెనుకకు తగ్గిందని 1948లో ప్రకటించారు. లోపం ఉన్నచోట అమృతమైనది, లోపం లేనిచోట అమృతం కానక్కరలేదని దీనివల్ల తేలుతున్నది.

పౌరుషగ్రంథి విషయంలో కూడా ఈ పాఠాన్ని లోకం ఎంతో వ్యయంతో నేర్చుకున్నది. సెలీనియం, విటమిన్ ఇ గ్రంథి క్యాన్సరును నివారిస్తాయన్న ఆశతో 2001లో ఒక మహాపరీక్ష ప్రారంభించారు. 35,533 మంది పురుషులు పాల్గొన్నారు. లాభం కనబడనందున 2008లో మాత్రలు ఆపివేశారు. ఆ తరువాత కూడా లెక్కలు చూస్తూ వచ్చి 2011లో ప్రకటించినదేమంటే, విటమిన్ ఇ మాత్రమే తీసుకున్నవారిలో క్యాన్సరు 17 శాతం ఎక్కువైంది. ఏడేళ్ళలో ఉత్తుత్తి మాత్రల జట్టులో వెయ్యికి 65 మందికి వస్తే, విటమిన్ ఇ జట్టులో 76 మందికి వచ్చింది.

జింకు సంగతీ ఇలాంటిదే. పౌరుషగ్రంథిలో జింకు అధికంగా ఉంటుంది. కనుక జింకు మింగితే గ్రంథికి బలమని ప్రచారం. కంసాలి ఇంట్లో బంగారం ఎక్కువ ఉంటుంది; అంతమాత్రాన అతడికి జబ్బు చేస్తే బంగారం తినిపిస్తామా? అమెరికాలో సుమారు 47,000 మంది పురుషులను ఏళ్ళ తరబడి గమనించగా, రోజుకు 100 మిల్లీగ్రాములకు మించి జింకు మాత్రలు వాడినవారిలో ముదిరిన క్యాన్సరు రెండింతలకు పైగా కనబడింది. ఈ పరిశీలన 2003లో వెలువడింది. ఇది కేవలం గమనించి చెప్పినదే గాని జట్లు చేసి తేల్చినది కాదు. అయినా జాగ్రత్త నేర్పడానికి చాలు.

పల్లేరు, కొండపిండి

మన కాలువగట్లమీద, చేలగట్లమీద పల్లేరుకాయలు కాళ్ళకు గుచ్చుకొననివారు లేరు. ఆయుర్వేదంలో దీనికి గోక్షురమని పేరు. మూత్రసంబంధమైన బాధలకు ఎంతోకాలంగా వాడుతున్నారు. కొండపిండి ఆకును పప్పులో వేసి తింటే రాళ్ళు కరుగుతాయని మన ఇళ్ళలో చెప్పుకుంటారు. పెద్దల అనుభవాన్ని తీసిపారవేయనక్కరలేదు. కాని ప్రశ్న సరిగా వేసుకోవాలి.

మూత్రాన్ని ఎక్కువగా తయారుచేయించడం ఒక పని. తూము తెరవడం మరొక పని. మూత్రం జారీ చేస్తుందని పేరున్న కషాయం మొదటి పని చేస్తుందనే అనుకుందాం. తూము బిగిసినవానికి ఎగువనుంచి మరింత నీరు వదిలితే సుఖమా, కష్టమా? రాయి అడ్డుపడినా, గ్రంథి నొక్కినా, మధుమేహం వచ్చినా, మూత్రంలో చీము చేరినా పైకి కనిపించే బాధలు దాదాపు ఒకటే. కారణాలు మాత్రం నాలుగు. ఏ కారణమో తెలియకుండా ఒకే ఆకు అన్నిటికీ వాడడంలోనే ప్రమాదం ఉంది. ఇక పల్లేరు పురుష హార్మోనును పెంచుతుందని చెప్పి అమ్మే మాత్రలున్నాయి. యువకులమీద చేసిన పరీక్షలలో అట్టి పెరుగుదల కనబడలేదు. అయినా ఆ హార్మోనే కదా గ్రంథి పెరగడానికి మూలం! ఒకే అంగడిలో దానిని పెంచే మాత్ర, తగ్గించే మాత్ర పక్కపక్కనే అమ్మడం చూస్తే నవ్వు వస్తుంది.

మూలికలన్న పేరుతో అమ్మేవన్నీ మూలికలే అన్న నమ్మకం కూడా లేదు. ఎనిమిది మూలికల మిశ్రమమని చెప్పి అమెరికాలో అమ్మిన పీసీ-స్పెస్ అనే మాత్రలను పరీక్షిస్తే, కృత్రిమమైన స్త్రీహార్మోను, రక్తం గడ్డకట్టనీయని వార్ఫరిన్ అనే మందు బయటపడ్డాయి. 2002లో వాటిని అంగళ్ళనుంచి వెనుకకు తీసుకున్నారు.

చట్టం ఏమంటున్నది?

మన పార్లమెంటు 1954లో అభ్యంతరకరమైన మందుల ప్రకటనలను నిషేధిస్తూ ఒక చట్టం చేసింది. కుదురుస్తామని చెప్పి ప్రకటనలు చేయరాని జబ్బుల పట్టిక దానికి జతచేశారు. ఆ పట్టికలో క్యాన్సరు, మధుమేహాలతోపాటు పౌరుషగ్రంథి రుగ్మతలు, మూత్రపిండంలోని, మూత్రాశయంలోని రాళ్ళు కూడా ఉన్నాయి. ఈ జబ్బులవారు బాధను, సిగ్గును దాచుకొని మాయమాటలకు సులభంగా లోనవుతారని అప్పటికే గ్రహించారన్నమాట.

పోషక మాత్రలు మందుల కింద రావు, ఆహారం కింద వస్తాయి. 2006 నాటి ఆహారభద్రతా చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం, ఇట్టి సీసామీద ఇది వైద్యానికి ఉద్దేశించినది కాదని అచ్చువేయాలి. సీసా ముందువైపు పెద్ద అక్షరాలను చదివేవారు ఆ మాటను కూడా వెదకి చదవాలి.

మరి ఏమి చేయాలి?

యాభై దాటిన పురుషుడు ధార సన్నగిల్లినా, రాత్రి రెండుమూడుసార్లు లేస్తున్నా ఒకసారి వైద్యునికి చూపించుకోవాలి. మూత్రపరీక్ష, చక్కెర, క్రియాటినిన్ పరీక్షలు, స్కానింగులో మిగులు మూత్రం కొలత – వీటితో చాలావరకు సంగతి తేలుతుంది. పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష అవసరమా అన్నది వైద్యునితో మాట్లాడి నిర్ణయించుకోవాలి. ఫినాస్టరైడ్ వాడేవారిలో ఆ అంకె సగానికి తగ్గి కనిపిస్తుంది. కనుక ఆ సంగతి ముందే చెప్పాలి.

బాధ తక్కువైతే మందే అక్కరలేకపోవచ్చు. కావలసివస్తే దారిలోని కండరాన్ని వదులుచేసే మందులున్నాయి. కొద్దిరోజులలోనే గుణమిస్తాయి, కాని కొందరికి లేచి నిలుచుంటే తల తిరుగుతుంది. గ్రంథిని కుదించే మందులు ఆరు నెలలు ఓపిక పట్టాలి. 3,047 మందిమీద చేసి 2003లో ప్రకటించిన పరీక్షలో, ఈ రెండు రకాలూ కలిపి వాడినవారిలో వ్యాధి ముదరడం 66 శాతం తగ్గింది. మందులకు లొంగనప్పుడు, కోత లేకుండా మూత్రమార్గం గుండానే పరికరం పంపి అడ్డును తొలగించే శస్త్రచికిత్స ఉన్నది.

ఇంటిలో చేసుకోగలవి కొన్ని. రాత్రి భోజనం తరువాత నీరు, కాఫీ, టీ తగ్గించాలి. అంతేగాని విజయవాడ మే నెల ఎండలో పగలు నీరు మానకూడదు. మానితే రాళ్ళకు దారి. ఒకసారి వెళ్ళివచ్చాక నిమిషం ఆగి మళ్ళీ ప్రయత్నిస్తే మిగులు కొంత పోతుంది. జలుబుకు అడక్కుండా కొనే కొన్ని మాత్రలు మూత్రాన్ని బంధిస్తాయి. గ్రంథి పెరిగినవారు వాటి జోలికి పోరాదు. మూత్రంలో రక్తం, చలిజ్వరం, పూర్తిగా ఆగిపోవడం – ఈ మూడింటిలో ఏది కనబడినా ఆ పూటే ఆసుపత్రికి పోవాలి. ఏ పోషక మాత్ర వాడుతున్నా ఆ సీసాను వైద్యునికి చూపడం మరువకూడదు.

మా మేనమామగారికి శస్త్రచికిత్స జరిగింది. ఇప్పుడు రాత్రి ఒక్కసారే లేస్తున్నారు. బస్సు ఎక్కేటప్పుడు చేతిలో మంచినీళ్ళ సీసా ఉంటుంది. మూత్రపిండాలు పోగొట్టుకున్న శక్తి మాత్రం తిరిగి రాలేదు. అందుకు ఆహారంలో పథ్యం, మూడునెలలకొక రక్తపరీక్ష తప్పడం లేదు. తోటివారెవరైనా మాత్రల మాట ఎత్తితే ఆయన చెప్పేది ఒకటే: "ముందు చూపించుకోండి. తరువాత ఏదైనా మింగండి." ఇంతకన్న శాస్త్రీయమైన సలహా నేను కూడా చెప్పలేను.